సివ్ 4: ఎనిమిదో సిటీ పెట్టేసరికి ఖజానా ఖాళీ, రీసెర్చ్ 20 శాతానికి పడిపోయింది. ఎక్కడ ఆగి ఉండాల్సింది?

కొత్తకోట

అందరికీ నమస్తే. చాలాకాలం సివ్ 6 ఆడి, ఈ మధ్యే అదే కంప్యూటర్ గేమ్‌ల వరసలో పాతదైన సివిలైజేషన్ 4కి వచ్చాను, దాని ఎక్స్‌పాన్షన్ బియాండ్ ద స్వోర్డ్ వేసుకుని ఆడుతున్నాను. ప్రిన్స్ లెవెల్, నార్మల్ స్పీడ్, స్టాండర్డ్ సైజు పాంజియా మ్యాప్, నాయకుడు సైరస్. అతనికి ఇంపీరియలిస్టిక్ గుణం ఉంది కాబట్టి సెట్లర్లు (కొత్త సిటీ పెట్టే యూనిట్లు) త్వరగా తయారవుతారు కదా, ఆ ఊపులో వెనక్కి చూడకుండా సిటీలు పెట్టుకుంటూ పోయాను. ఖాళీ నేల కనిపిస్తే పక్కవాడు వచ్చి కూర్చునేలోపు మనమే జెండా పాతెయ్యాలని సివ్ 6లో చేతికి అలవాటైపోయింది, ఆ అలవాటే ఇక్కడ ముంచింది అనుకుంటున్నా.

ఇప్పుడు 104వ టర్న్, క్రీ.పూ. 275. ఎనిమిది సిటీలున్నాయి, ఖజానాలో 46 గోల్డ్ ఉంది. సైన్స్ స్లయిడర్ (ఆదాయంలో ఎంత భాగం రీసెర్చ్‌కి పోవాలో పెట్టేది) 30 శాతం దగ్గర పెడితే టర్న్‌కి 2 గోల్డ్ పోతోంది, 20 దగ్గర పెడితే 3 మిగులుతోంది. కరెన్సీ టెక్‌కి ఇంకా 30 టర్న్‌ల పైనే చూపిస్తోంది. ఎఫ్2 నొక్కి ఖర్చుల పట్టీ చూశాను: సిటీ మెయింటెనెన్స్ 24, సివిక్స్ (ప్రభుత్వ విధానాలు) 6, యూనిట్ల ఖర్చు 3, సరిహద్దు బయట ఉన్న యూనిట్లకి సప్లై 2, ఇన్‌ఫ్లేషన్ 2. మొత్తం 37. సున్నా శాతం పెట్టినా మిగిలేది 13 మాత్రమే.

అన్నిటికంటే దూరంలో ఉన్నది ఎక్బటానా, ఇనుము కోసం పెట్టాను. జనాభా 2, మెయింటెనెన్స్ 5. అది ఇచ్చే కామర్స్ (ఆదాయం) 2. అంటే అది ఉన్నన్నాళ్ళూ నాకు ప్రతి టర్న్ నష్టమే. ఇంకో సంగతి నాకు అసలు అర్థం కాలేదు: రాజధాని పర్సెపోలిస్‌కి కూడా 2 పడుతోంది. రాజధానికి దూరం ఎక్కడిది?

అడగాలనుకున్నవి ఇవి. ఎన్ని సిటీల దగ్గర ఆగాలో ఏదైనా లెక్క ఉందా? ఎక్బటానాని వదిలించుకోవడం మంచిదా? కోడ్ ఆఫ్ లాస్ టెక్‌కి వెళ్ళి అన్నిచోట్లా కోర్ట్‌హౌస్‌లు కట్టేస్తే ఈ గండం గట్టెక్కుతుందా? ఈ గేమ్‌ని వదిలేసి కొత్తది మొదలుపెట్టడం నాకు ఇష్టం లేదు, ఇక్కడి నుంచే బాగు చేసుకోవాలని ఉంది.

ఇంకొక్కటర్న్

స్లయిడర్ శాతం చూసి కంగారు పడకండి, దాన్నిబట్టి ఏమీ తేలదు. ముందు ఈ మూడూ చెప్పండి: వర్కర్లు ఎంతమంది? కాటేజ్‌లు (వర్కర్లు వేసే, కామర్స్ ఇచ్చే ఇళ్ళు) ఎన్ని, వాటిలో మనుషులు నిజంగా పనిచేస్తున్నవి ఎన్ని? లైబ్రరీలు ఎన్ని?

కొత్తకోట

వర్కర్లు ముగ్గురు. కాటేజ్‌లు నాలుగు, మూడు పర్సెపోలిస్ దగ్గర, ఒకటి సూసాలో. లైబ్రరీ పర్సెపోలిస్‌లో ఒక్కటే. మిగతా సిటీల్లో సైనికుల్ని తయారుచేస్తున్నాను, బార్బేరియన్లు ఎక్కువగా వస్తున్నారని. చివరి మూడు సిటీలు 84వ టర్న్ నుంచి 98వ టర్న్ మధ్యలో పెట్టినవే.

మ్యాప్‌పిచ్చి

మీ జబ్బేంటో ఈ జవాబులోనే ఉందండీ. ఎనిమిది సిటీలు ఎక్కువ కాదు, ఎనిమిది సిటీలకు ముగ్గురు వర్కర్లు తక్కువ. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఎందుకంటే ఇదే చోట నేనూ చాలా గేమ్‌లు వదిలేసుకున్నాను, లెక్క ఒకసారి అర్థమైతే మళ్ళీ ఈ భయం ఉండదు.

మొదట రాజధాని సంగతి. ఏ సిటీలోకైనా వెళ్ళి మెయింటెనెన్స్ అంకె మీద మౌస్ ఉంచండి, అది విడివిడిగా చూపిస్తుంది. ఒక భాగం రాజధాని నుంచి దూరాన్నిబట్టి, ఇంకో భాగం మీకున్న మొత్తం సిటీల సంఖ్యనిబట్టి. పర్సెపోలిస్‌కి దూరం భాగం ఉండదు, సంఖ్య భాగం మాత్రం ఉంటుంది. అందుకే 2. ఇక్కడే అసలు కిటుకు: తొమ్మిదో సిటీ పెడితే మీరు కట్టేది ఆ తొమ్మిదో సిటీ ఖర్చు ఒక్కటే కాదు, ముందున్న ఎనిమిదింటికీ సంఖ్య భాగం కొంచెం కొంచెం పెరుగుతుంది, సివిక్స్ ఖర్చూ పెరుగుతుంది. ఒక్కోచోట పైసల్లోనే పెరుగుతుంది గానీ అన్నీ కలిపితే తడిసి మోపెడవుతుంది. కాబట్టి ఎక్బటానా అసలు ఖర్చు అక్కడ కనిపిస్తున్న 5 కాదు, మిగతా ఏడు సిటీల్లో దానివల్ల పెరిగింది కూడా దాని లెక్కలోకే వస్తుంది. జనాభా పెరిగినా ఈ రెండు భాగాలూ కాస్త పెరుగుతాయి, కానీ దాని గురించి బెంగ వద్దు, పెరిగిన మనిషి మంచి టైల్ (మ్యాప్ మీద గడి) మీద కూర్చుంటే తన ఖర్చుకి మించి తెస్తాడు.

ఇక ఆదాయం వైపు. కొత్త సిటీ పెట్టిన రోజున దాని మధ్య టైల్ 1 కామర్స్ ఇస్తుంది, రాజధానితో దారి కలిస్తే ట్రేడ్ రూట్ ఇంకో 1. అంతే, రెండు. ఖర్చు మూడో నాలుగో. అంటే ఏ సిటీ అయినా పుట్టిన రోజున నష్టమే, ఎంత గొప్ప ఆటగాడు పెట్టినా సరే. తేడా అంతా ఆ నష్టం ఎన్ని టర్న్‌లు ఉంటుందన్న దగ్గర వస్తుంది. కాటేజ్ వేస్తే మొదట 1 కామర్స్, నది పక్కన అయితే ఇంకో 1. మనిషి అక్కడ 10 టర్న్‌లు పనిచేస్తే హామ్లెట్ అయి 2 అవుతుంది, ఆ పైన 20 టర్న్‌లకి విలేజ్, 3. ఆ పైన 40 టర్న్‌లకి టౌన్, 4. మొత్తం 70 టర్న్‌ల ప్రయాణం. గుర్తుంచుకోండి, ఎవరూ పనిచెయ్యని కాటేజ్ ఒక్క టర్న్ కూడా ముందుకు కదలదు, మ్యాప్ మీద బొమ్మలా ఉంటుందంతే.

ఇప్పుడు మీ 84వ టర్న్ సిటీ తీసుకోండి. పెట్టిన వెంటనే ఒక వర్కర్ వచ్చి రెండు కాటేజ్‌లు వేసి ఉంటే ఈపాటికి అవి హామ్లెట్‌లు అయ్యేవి, సిటీ తన ఖర్చు తాను మోసుకునేది. వర్కర్ రాలేదు కాబట్టి ఇద్దరు మనుషులు ఖాళీ అడవిలోనో గడ్డి మీదో కూర్చుని ఉన్నారు. ఇరవై టర్న్‌లు అలాగే పోయాయి. మిగతా రెండు కొత్త సిటీల్లోనూ ఇదే జరుగుతోంది. మీ 37 ఖర్చు పెద్దదేం కాదు, ఎనిమిది సిటీల నుంచి వచ్చే 50 కామర్స్ మరీ చిన్నది.

నేనైతే ఈ 104వ టర్న్‌లో ఏం చేస్తానంటే, సైనికుల్ని తయారుచెయ్యడం ఆపేస్తాను. ప్రతి సిటీలో ఒకడుంటే చాలు, బార్బేరియన్లు వచ్చే వైపు ఇద్దరు. తర్వాత విప్, అంటే జనాభాని బలిచ్చి తయారీని వెంటనే పూర్తిచెయ్యడం. అది కుదిరే స్లేవరీ సివిక్‌లో ఉన్నారనుకుంటున్నా. నార్మల్ స్పీడ్‌లో ఒక్కో మనిషికి 30 హ్యామర్లు (తయారీ పాయింట్లు) వస్తాయి, వర్కర్ ఖరీదు 60, అంటే ఇద్దరు. జనాభాలో సగానికి మించి విప్ చెయ్యనివ్వదు కాబట్టి సిటీ 4 ఉండాలి. పనికిమాలిన టైల్ మీద కూర్చున్న ఇద్దరు పోయి ఒక వర్కర్ వస్తే అది నష్టం కాదండీ, ఆ ఇద్దరూ తిండి తప్ప ఏమీ తేవడం లేదు కదా. పది టర్న్‌లు ఒక మనిషి అలకలో ఉంటాడు, అంతే. కాటేజ్ మీద ఉన్నవాళ్ళని మాత్రం కదపకండి. మ్యాథమాటిక్స్ వచ్చి ఉంటే ఒక్కో అడవి నరికితే 30 హ్యామర్లు, దాంతో ఇంకో ఇద్దరు వర్కర్లు. మొత్తం ఏడెనిమిది మంది అయ్యేదాకా ఆగొద్దు. సిటీకి ఒకటి నుంచి ఒకటిన్నర వర్కర్ అని పాతవాళ్ళు చెప్పే లెక్క, నా అనుభవంలో అది ఎప్పుడూ తప్పలేదు.

ఎక్బటానాని ఏం చెయ్యాలంటే, మన సిటీని మనం కూల్చే వీలు ఈ ఆటలో లేదు, వేరేవాళ్ళకి ఇచ్చెయ్యడమే. ఇవ్వొద్దు. ఇనుము ఉంది, పైగా కాటేజ్‌లు పడితే అదీ నిలబడుతుంది.

వెండిసిక్కా

మ్యాప్‌పిచ్చి గారు చెప్పింది చాలావరకు నిజమే గానీ ఒక్క విషయంలో నేను ఒప్పుకోను. ముందు ఖర్చు తగ్గించుకోవాలి. కోర్ట్‌హౌస్ ఆ సిటీ మెయింటెనెన్స్‌ని సగానికి తగ్గిస్తుంది. 24లో 12 మిగులుతుంది, మీ స్లయిడర్ ఇరవై శాతం పైకి లేస్తుంది. కరెన్సీ పక్కనపెట్టి నేరుగా కోడ్ ఆఫ్ లాస్‌కి వెళ్ళమంటాను. అసలు నేనైతే ఐదు సిటీల దగ్గర ఆగి, కోర్ట్‌హౌస్‌లు వచ్చాకే ఆరోది పెడతాను. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా దివాలా తియ్యలేదు.

మ్యాప్‌పిచ్చి

వెండిసిక్కా గారూ, ఆ 12 అన్న అంకె కాగితం మీద బాగుంటుంది, హ్యామర్లు ఎక్కడి నుంచి వస్తాయి చెప్పండి. కోర్ట్‌హౌస్ ఒక్కోటి 120 హ్యామర్లు. ఎనిమిది సిటీలకి 960. ఈయన చిన్న సిటీలు టర్న్‌కి మూడు నాలుగు హ్యామర్లు తెస్తుంటాయి, అంటే ఒక్కో కోర్ట్‌హౌస్‌కి 30 నుంచి 40 టర్న్‌లు. మెయింటెనెన్స్ 2 ఉన్న సిటీలో కోర్ట్‌హౌస్ కడితే మిగిలేది టర్న్‌కి 1 గోల్డ్, పెట్టిన 120 తిరిగి రావడానికి 120 టర్న్‌లు. అవే 120 హ్యామర్లు రెండు వర్కర్లు. ఆ ఇద్దరూ కలిసి ఆ టైమ్‌లో ఎన్ని కాటేజ్‌లు వేస్తారో చూడండి.

ఎక్బటానా లాంటి చోట మాత్రం మీరన్నదే రైటు. 5లో సగం అంటే రెండున్నర, సిటీ పెరిగే కొద్దీ ఆ అంకె పెరుగుతుంది, ఇన్‌ఫ్లేషన్ కూడా దానిమీదే పడుతుంది కాబట్టి ఆదా ఇంకాస్త ఎక్కువ. అందుకే కోర్ట్‌హౌస్‌లు దూరపు సిటీలతో మొదలుపెట్టి లోపలికి రావాలి, రాజధాని పక్కన ఉన్నవాటికి చివర్లో కట్టినా చాలు, దూరం ఖర్చు తగ్గించే ఫర్బిడెన్ ప్యాలెస్‌కి కావలసిన కోర్ట్‌హౌస్‌ల సంఖ్య కోసమైతే తప్ప.

కరెన్సీ ఎందుకు ముందంటే, అది వచ్చిన టర్న్‌లోనే ప్రతి సిటీకి ఒక ట్రేడ్ రూట్ పెరుగుతుంది. ఒక్క హ్యామర్ ఖర్చు లేకుండా, ఒక్క ఇటుక పేర్చకుండా. ఎనిమిది సిటీలంటే ఎనిమిది కామర్స్ వచ్చి పడినట్టే, పక్క దేశంతో ఓపెన్ బోర్డర్స్ ఉండి దారి కలిసి ఉంటే ఇంకా ఎక్కువ, పరాయి దేశపు రూట్ మన సొంత రూట్ కంటే బాగా ఇస్తుంది. ఎన్ని సిటీలుంటే అంత లాభం అన్నమాట, అంటే ఎక్కువ సిటీలు పెట్టినవాడికే కరెన్సీ ఎక్కువ ఉపయోగం. పైగా సిటీల్లో వెల్త్ పెట్టి హ్యామర్లని గోల్డ్ చేసుకోవచ్చు, వేరే దేశాలకి టెక్‌లు అమ్మి గోల్డ్ తీసుకోవచ్చు. కోడ్ ఆఫ్ లాస్ రెండోది. సివిక్స్ ఖర్చు సగమయ్యే, కోర్ట్‌హౌస్ రెట్టింపు వేగంతో కట్టుకునే ఆర్గనైజ్డ్ నాయకుడైతే, ఉదాహరణకి జూలియస్ సీజర్ అయితే, మీ దారి సరైనదని నేనూ ఒప్పుకుంటాను. ఈయన సైరస్.

ఐదు దగ్గర ఆగడం గురించి కూడా ఒక మాట. ఐదు సిటీలతో 35 కామర్స్ ఉండి 80 శాతం పెడితే 28 బీకర్లు (రీసెర్చ్ పాయింట్లు). ఎనిమిదింటితో 80 కామర్స్ ఉండి 40 శాతం పెడితే 32. శాతం సగమే, బీకర్లు ఎక్కువే. ఆ ఎనిమిదింట్లో కాటేజ్‌లు ఇంకా పెరుగుతూనే ఉంటాయి, ఐదుగురు పెరిగే చోట ఎనిమిది మంది పెరుగుతారు. దివాలా తియ్యలేదన్నారు, మంచిదే, కానీ ప్రిన్స్ దాటి మోనార్క్, ఎంపరర్ లెవెల్‌కి వెళ్తే మనం వదిలేసిన నేల పక్కవాడికి వెళ్తుంది, ఆ తర్వాత దాన్ని సైన్యం పెట్టి తీసుకోవడం సెట్లర్ ఖరీదు కంటే చాలా ఎక్కువ.

వెండిసిక్కా

దూరపు సిటీల నుంచి మొదలుపెట్టాలన్నది సబబుగా ఉంది. నేను ఎప్పుడూ రాజధాని పక్క నుంచి కట్టుకుంటూ వచ్చేవాణ్ణి, ఎందుకంటే అక్కడే హ్యామర్లుంటాయి. విప్‌తో ఎక్బటానాలో కోర్ట్‌హౌస్ కట్టడం కుదురుతుంది: సిటీ 4కి చేరి, సగం కట్టడం అయి 60 హ్యామర్లు మిగిలితే ఇద్దరితో అయిపోతుంది. ఐదు దగ్గర ఆగడం మాత్రం చుట్టూ నేల ఎలా ఉందన్నదాన్నిబట్టి ఉంటుందని నా ఉద్దేశం. తిండి లేని చోట సిటీ పెట్టి కాటేజ్‌లు వెయ్యమంటే అక్కడ పనిచెయ్యడానికి మనుషులెక్కడ పుడతారు?

ఇంకొక్కటర్న్

తిండి పాయింట్ చాలా ముఖ్యం, దాన్ని ఇంకొంచెం చెప్తాను. సిటీ పెట్టే చోటు చూసేటప్పుడు నేను మొదట చూసేది ఒక మంచి తిండి టైల్ ఉందా లేదా అని. మొక్కజొన్న, పంది, చేప, ఏదో ఒకటి. అది ఉంటే పది టర్న్‌లలో రెండు మూడుకి పెరుగుతుంది, లేకపోతే ఎంత నది ఉన్నా ఎదుగూ బొదుగూ లేకుండా ఉంటుంది. గ్రానరీ 60 హ్యామర్లే, పెరిగినప్పుడు సగం తిండి దాచిపెడుతుంది, నేను ప్రతి కొత్త సిటీలో మొదట కట్టేది అదే.

కొత్తకోట గారికి ఇప్పటికిప్పుడు పనికొచ్చేది ఇంకోటి ఉంది. లైబ్రరీ 90 హ్యామర్లు, 25 శాతం రీసెర్చ్ పెంచుతుంది, అందరికీ తెలిసిందే. చాలామంది మర్చిపోయేది ఏంటంటే అందులో ఇద్దరు సైంటిస్టుల్ని కూర్చోబెట్టొచ్చు. ఒక్కొక్కరు 3 బీకర్లు. ఈ బీకర్లకీ స్లయిడర్‌కీ సంబంధమే లేదు! స్లయిడర్ సున్నా దగ్గర ఉన్నా ఇద్దరూ కలిసి 6 తెస్తారు, లైబ్రరీ బోనస్ దానిపైన. మీకిప్పుడు వచ్చేది పదో పన్నెండో బీకర్లయితే మూడు సిటీల్లో ఇద్దరేసి కూర్చుంటే రీసెర్చ్ రెట్టింపు కంటే ఎక్కువ అవుతుంది, ఒక్క గోల్డ్ కూడా ఖర్చవదు. తిండి మిగిలే సిటీలు ఏవో చూసి అక్కడ కట్టండి. ఒక సిటీలో ఇద్దరు ఆగకుండా ఉంటే టర్న్‌కి 6 పాయింట్లు, మొదటి గ్రేట్ సైంటిస్ట్‌కి 100 కావాలి, 17 టర్న్‌లలో వస్తాడు. అతనితో పర్సెపోలిస్‌లో అకాడమీ, రీసెర్చ్ 50 శాతం పెరుగుతుంది.

స్లయిడర్‌ని 20 దగ్గర ఉంచి ఈడ్చుకుంటూ పోవద్దు. సున్నా పెట్టి టర్న్‌కి 13 దాచండి, లైబ్రరీలు పూర్తయ్యాక ఒక్కసారి వంద పెట్టండి. మొత్తం గోల్డ్ అంతే, కానీ ఖర్చుపెట్టే టైమ్‌కి లైబ్రరీ బోనస్ తోడవుతుంది. పైగా మీకు పరిచయమైన దేశాల్లో ఎక్కువమందికి తెలిసిన టెక్ మీకు కాస్త చౌకగా పడుతుంది, ఆగినందుకు ఆ లాభం కూడా. ఒక్క జాగ్రత్త, ఖజానా సున్నా అయ్యాక కూడా మైనస్‌లో ఉంటే సమ్మె మొదలై యూనిట్లు రద్దయిపోతాయి. వంద పెట్టిన రోజు నుంచి కుడి చేతి వేలు స్లయిడర్ మీదే ఉండాలి. నా గేమ్‌లో ఒకసారి రెండు టర్న్‌లు చూసుకోకుండా ఎండ్ టర్న్ నొక్కేశాను, సరిహద్దులో గేటు కాస్తున్న గొడ్డలివాడు మాయమైపోయాడు, ఆ సిటీ బార్బేరియన్లకి పోయింది. ఆ రాత్రి నిద్రపట్టలేదు.

పాతసేవ్

ఇంకో కోణం చెప్తాను, ఎందుకంటే ఈ ప్రశ్న సివ్ 6 నుంచి వచ్చే ప్రతి ఒక్కరూ అడుగుతారు. తప్పు మీ ఆటలో కాదు, రెండు ఆటలు బిల్లు వేసే చోటు వేరు.

సివ్ 6లో సిటీ పెట్టడానికి ఖరీదు ఉంటుంది, ప్రతి సెట్లర్‌కీ రేటు పెరుగుతూ పోతుంది, ఆ తర్వాత సిటీ ఉన్నందుకంటూ గోల్డ్ అడగదు. చాలా డిస్ట్రిక్ట్‌లకీ బిల్డింగులకీ యూనిట్లకీ మాత్రం ప్రతి టర్న్ కట్టాలి. సివ్ 4 సరిగ్గా తిరగేసి ఉంటుంది. ఇక్కడ బిల్డింగ్‌కి మెయింటెనెన్సే లేదు, గ్రానరీ, లైబ్రరీ, మార్కెట్ ఎన్ని కట్టినా నెలవారీ బిల్లు రాదు. బిల్లు సిటీకే. కాబట్టి ఎటూ అద్దె కడుతున్న ఇంట్లో సామాను పెట్టుకోకుండా ఖాళీగా ఉంచడం ఎంత నష్టమో, పెట్టిన సిటీలో ఏమీ కట్టకుండా సైనికుల్ని తయారుచేస్తూ ఉండటం అంత నష్టం.

ఇలా ఎందుకు చేశారంటే, 2001లో వచ్చిన సివ్ 3లో దూరపు సిటీలకి కరప్షన్ అని ఉండేది. దూరం, సంఖ్య పెరిగే కొద్దీ ఆ సిటీ సంపాదన అవినీతికి కొట్టుకుపోయేది, మూల మూలన ఉన్న సిటీ ఒక్క షీల్డ్ (ఇక్కడి హ్యామర్ లాంటిది) ఇచ్చేది. కానీ ఒక్కటైనా ఒక్కటే కదా, మన జేబులోంచి ఏమీ పోదు, అందుకని జనం సందు దొరికితే సిటీ పెట్టేవారు. దీన్నే ఇన్ఫినిట్ సిటీ స్ప్రాల్ అంటారు. సివ్ 3కి కూడా పనిచేసిన సోరెన్ జాన్సన్ 2005లో వచ్చిన సివ్ 4కి లీడ్ డిజైనర్. ఇక్కడ సంపాదన తగ్గించడం మానేసి నేరుగా ఖజానా మీద ఖర్చు వేశారు. ఎంత చెట్టుకు అంత గాలి. తర్వాత 2010లో సివ్ 5 ఇంకో దారి పట్టింది: ప్రతి సిటీకి 3 అసంతృప్తి, ప్రతి మనిషికి 1, అది దేశం మొత్తానికి ఒకే లెక్క. అక్కడ రోడ్డు వేసిన ప్రతి టైల్‌కీ 1 గోల్డ్ కట్టాలి కాబట్టి సివ్ 4లో లాగా ఇష్టమొచ్చినట్టు రోడ్లు వేస్తే అదో గుదిబండ. నాకు వీటన్నిటిలో సివ్ 4 పద్ధతే న్యాయంగా అనిపిస్తుంది. అది వద్దని అడ్డం పడదు, ఎంతవుతుందో చెప్పి మన ఇష్టానికి వదిలేస్తుంది, ఆ అప్పు మనం ఎంత త్వరగా తీర్చగలమన్నదే ఆట.

అందుకే 'ఎన్ని సిటీలు' అన్న ప్రశ్నకి అంకె చెప్పలేం. నేను చూసుకునేది ఒకటే: సున్నా శాతం దగ్గర టర్న్‌కి ఎంత మిగులుతోంది. అది పెరుగుతూ ఉంటే ఇంకో సెట్లర్ పంపొచ్చు. అది పదికి దగ్గరగా వచ్చేస్తే సెట్లర్లు ఆపి వర్కర్లు. మీరు 13 దగ్గర ఉన్నారు, సరైన టైమ్‌లోనే అడిగారు, ఇంకో రెండు సిటీలు పెట్టాక వచ్చి ఉంటే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అయ్యేది.

ఇంకొక్కటర్న్

పాతసేవ్ అన్నా, ఆ సున్నా శాతం లెక్క నేనెప్పుడూ ఆలోచించలేదు, నోట్ చేసుకున్నా.

కొత్తకోట

మళ్ళీ వచ్చాను. ఇప్పుడు 131వ టర్న్. మీరు చెప్పినవన్నీ వరసగా చేశాను కాబట్టి ఏం జరిగిందో కూడా రాయాలి కదా.

105వ టర్న్‌లోనే సైనికుల తయారీ అన్నిచోట్లా తీసేశాను. పర్సెపోలిస్ చుట్టూ నాలుగు అడవులు నరికి ఇద్దరు వర్కర్లు, సూసాలో విప్‌తో ఒకడు, తర్వాత మామూలుగా ఇంకొకడు, మొత్తం ఏడుగురు అయ్యారు. మొదటి పన్నెండు టర్న్‌లు చాలా టెన్షన్‌గా గడిచాయి, స్లయిడర్ సున్నా దగ్గర ఉంటే ఆట ఆగిపోయినట్టు ఉంటుంది, పక్క దేశాలవాళ్ళు టెక్‌ల మీద టెక్‌లు తెచ్చుకుంటుంటే మన దగ్గర గోల్డ్ పోగవడం తప్ప ఏమీ కదలదు. మూడు లైబ్రరీలు పూర్తయ్యాక వంద పెట్టాను, రెండోసారి వంద పెట్టినప్పుడు కరెన్సీ వచ్చింది. ఆ టర్న్‌లో కామర్స్ ఒక్కసారిగా 11 పెరగడం కళ్ళతో చూశాను, ఎనిమిది రూట్లలో మూడు పక్క దేశంతో పడ్డాయి.

ఇప్పుడు మొత్తం కామర్స్ 83. ఖర్చు 37 నుంచి 41 అయింది, అంతే! సిటీలు పెరిగినా, జనాభా పెరిగినా నాలుగే పెరిగింది, ఎందుకంటే ఎక్బటానాలో కోర్ట్‌హౌస్ అయిపోయింది, వెండిసిక్కా గారు చెప్పినట్టే 4కి చేరాక ఇద్దరితో పూర్తిచేశాను. స్లయిడర్ 50 దగ్గర పెట్టినా ఖజానా నిలకడగా ఉంది. సైంటిస్టులతో కలిపి 60 బీకర్ల దాకా వస్తున్నాయి. 104వ టర్న్‌లో పదీ పన్నెండు వచ్చేవి. పోయిన టర్న్‌లోనే గ్రేట్ సైంటిస్ట్ పుట్టాడు, అకాడమీ పెట్టేశాను.

సిటీలు ఇంకా ఎనిమిదే కాదు, మధ్యలో ఒకటి పెట్టాను, పర్సెపోలిస్‌కి నాలుగు టైల్స్ దూరంలోనే. రాజధాని వాడుకోని నది పక్క కాటేజ్‌లు దాని పరిధిలోకి కూడా వస్తాయి, అక్కడి మనుషులు వాటిని పెంచుతున్నారు. మెయింటెనెన్స్ 2.

ఇప్పుడు ఒకటే సందేహం. తూర్పున కొండ మీద బంగారం ఉంది, పక్కన మొక్కజొన్న ఉంది, కానీ ఎక్బటానా కంటే దూరం. సున్నా శాతం దగ్గర 42 మిగులుతోంది. పెట్టొచ్చా?

మ్యాప్‌పిచ్చి

అద్భుతం అండీ, చదువుతుంటే సంతోషంగా ఉంది. ఆ రెండో పేరాలో పన్నెండు టర్న్‌లు ఓపిక పట్టారు చూడండి, చాలామంది అక్కడే గేమ్ వదిలేస్తారు.

బంగారం కచ్చితంగా పెట్టండి. గని తవ్వాక ఆ ఒక్క టైల్ నుంచే ఏడు కామర్స్ దాకా వస్తుంది, దేశంలో ప్రతి సిటీకి ఒక సంతోషం కూడా పెరుగుతుంది, అంటే సిటీలు ఇంకో మనిషి దాకా పెరగొచ్చు. 70 టర్న్‌లు ఆగాల్సిన పని లేకుండా మొదటి మనిషే సిటీ ఖర్చు తెచ్చేస్తాడు. కానీ సెట్లర్‌తోపాటు ఇద్దరు వర్కర్లని, ఒక కాపలావాణ్ణి ముందే పంపండి, ముగ్గురూ సెట్లర్ కంటే రెండు టర్న్‌లు ముందు చేరుకోవాలి. సిటీ పెట్టిన రోజే ఒకడు గని మొదలుపెట్టాలి, ఒకడు మొక్కజొన్నకి పొలం. దారి ఆ తర్వాత.

వెండిసిక్కా

మొదట గ్రానరీ, రెండోది కోర్ట్‌హౌస్. ఈసారి మ్యాప్‌పిచ్చి గారు కూడా కాదనరు.

మ్యాప్‌పిచ్చి

అనను.